కౌంట్లు పడిపోయిన రోజులు

1948 జూన్‌లో అమెరికాలోని ఒక వైద్య పత్రికలో బోస్టన్ డాక్టర్ సిడ్నీ ఫార్బర్ బృందం రాసిన వ్యాసం అచ్చయింది. తీవ్రమైన రక్తక్యాన్సర్‌తో ఉన్న 16 మంది పిల్లలకు అమినోప్టెరిన్ అనే మందు ఇచ్చి చూస్తే, పదిమందిలో జబ్బు కొన్నాళ్లపాటు వెనక్కి తగ్గింది. అంతకుముందు ఏ మందూ చెయ్యలేని పని అది. ఆ మందు వచ్చింది న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలల నుంచి. అక్కడ పరిశోధనకు పెద్దదిక్కుగా ఉన్నది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. వ్యాసం వెలువడిన రెండు నెలలకే, 53 ఏళ్ల వయసులో, ఆయన కన్నుమూశారు.

ఈ కథ తెలుగువాళ్లం గర్వంగా చెప్పుకుంటాం. చెప్పుకోవాలి కూడా. అయితే మందు దొరికింది, ఇక జబ్బు నయమైపోయింది అన్నట్టు అక్కడితో ఆపేస్తాం. మందు దొరికాక కూడా ఏళ్ల తరబడి పిల్లలు పోతూనే ఉన్నారు. కొందరు జబ్బు తిరగబెట్టి పోయారు. ఇంకెందరో వైద్యం మధ్యలోనే రక్తం కారడం ఆగక పోయారు, ఒక్క రాత్రి జ్వరానికే పోయారు. క్యాన్సర్ కణాన్ని చంపడం ఒక విద్య. ఆ పని సాగినన్నాళ్లూ పిల్లను బతికించుకోవడం ఇంకో విద్య. ఈ రెండోది చేతకానిచోట మొదటిది ఎంత వచ్చినా ఫలితం ఉండదు.

1955లో బెథెస్డాలోని జాతీయ క్యాన్సర్ సంస్థలో చేరిన ఎమిల్ ఫ్రైరైక్‌కు అప్పగించింది రక్తక్యాన్సర్ పిల్లల వార్డు. దిండ్లు, దుప్పట్లు, నర్సుల తెల్లబట్టలు, ఎక్కడ చూసినా రక్తపు మరకలే. రక్తం ఎక్కిస్తున్నారు గానీ కారడం ఆగడంలేదు. కారణం వెతికితే తేలింది: బ్లడ్ బ్యాంకులో నిలవ ఉన్న రక్తంలో ప్లేట్‌లెట్లు పనికిరాకుండా పోతున్నాయి. తాజా రక్తం ఎక్కించి చూశారు, ఆగింది. ఆ తర్వాత ప్లేట్‌లెట్లను మాత్రమే వేరుచేసి ఎక్కించడం మొదలైంది. ప్లేట్‌లెట్ల సంఖ్య ఎంత తగ్గితే రక్తస్రావం ఎంత పెరుగుతుందో 1962లో ఆయన బృందం లెక్కకట్టి చూపింది. ఇవాళ ఒంట్లో జ్వరం, రక్తస్రావం లేని పిల్లలకు కూడా ప్లేట్‌లెట్లు పదివేల కిందకు పడితే ఎక్కించేస్తున్నారంటే, ఆ వార్డు నేర్పిన పాఠమే.

రక్తస్రావం లొంగాక ఇన్ఫెక్షన్ ముందుకొచ్చింది. మన శరీరంలోకి చొరబడ్డ బ్యాక్టీరియాను మొదట ఎదుర్కొనేవి న్యూట్రోఫిల్స్ అనే తెల్లరక్తకణాలు. రక్తంలో వాటి ఆయుష్షు ఒక రోజు కూడా ఉండదు. అందుకే పెద్దవాళ్ల ఎముక మజ్జ రోజూ పదివేల కోట్ల దాకా కొత్తవాటిని తయారుచేస్తూ ఉండాలి. కీమో మందు వేగంగా విభజన చెందే కణాలన్నిటినీ దెబ్బతీస్తుంది. అది క్యాన్సర్ కణమా, మజ్జ కణమా అని చూడదు. తయారీ ఆగిపోతుంది, ఉన్నవి ఖర్చయిపోతాయి. సాధారణంగా కీమో ఎక్కించాక ఏడో రోజుకూ పద్నాలుగో రోజుకూ మధ్య రక్తకణాల సంఖ్యలు, అంటే కౌంట్లు, అట్టడుగుకు చేరతాయి. ఈ మాట ఇప్పుడు పల్లెటూరి తల్లులకు కూడా వచ్చేసింది: "కౌంట్లు పడిపోయినయి, అందుకే ఇంట్లకు ఎవర్నీ రానిస్తలేము."

1966లో జెరాల్డ్ బోడీ బృందం అదే బెథెస్డాలో 52 మంది రక్తక్యాన్సర్ రోగుల లెక్కలు తీసి చూసింది. న్యూట్రోఫిల్స్ వెయ్యి కిందకు వస్తే ప్రమాదం మొదలవుతుంది, వంద కిందకు వస్తే తీవ్రమవుతుంది, ఎన్ని రోజులు అలా ఉంటే అంత ముప్పు. ఇప్పుడు వాడే 500 అనే గీత అక్కడి నుంచి వచ్చిన ఆలోచనే. ఆ రోజుల్లో జ్వరం వస్తే రక్తం కల్చర్‌కు పంపి, ఏ క్రిమి ఉందో తేలాక మందు మొదలుపెట్టేవారు. బుద్ధిగా, శాస్త్రీయంగా కనిపించే పద్ధతే. కానీ కల్చర్ రిపోర్టుకు రెండు రోజులు పడుతుంది, సూడోమోనాస్ లాంటి క్రిమి అంతకన్నా తొందరగా ప్రాణం తీస్తుంది. 1971లో బాల్టిమోర్‌లో స్టీఫెన్ షింఫ్ బృందం ఆ వరుసను తిరగేసింది. జ్వరం కనిపించగానే, క్రిమి పేరు తెలియకముందే, రెండు బలమైన యాంటీబయాటిక్స్ కలిపి ఇచ్చేసింది. మరణాలు తగ్గాయి. పిల్లల క్యాన్సర్ వైద్యంలో నేను చాలా ఎత్తున నిలబెట్టే నిర్ణయాల్లో ఇదొకటి. అందులో అసలు కిటుకు మందు ఇచ్చే వేళ మారడమే.

ఆరేళ్ల తర్వాత, 1977లో, మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ ఆస్పత్రిలో వాల్టర్ హ్యూస్ ఇంకో చిన్న పని చేశారు. క్యాన్సర్ లొంగుబాటులో ఉన్న పిల్లల్ని కూడా న్యూమోసిస్టిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు ఎత్తుకుపోతోంది. చవకగా దొరికే కోట్రైమాక్సజోల్ ముందునుంచే ఇస్తే ఆ జబ్బు రానేరాదని ఆయన చూపించారు. ఇప్పుడు వారంలో మూడు రోజులు వేసే ఆ మాత్ర దాదాపు ప్రతి రక్తక్యాన్సర్ పిల్లవాడి చీటీలోనూ ఉంటుంది. అదే సెయింట్ జూడ్‌లో డొనాల్డ్ పింకెల్ 1967లో మొదలుపెట్టిన వైద్య ప్రణాళికతో సగంమంది పిల్లలు శాశ్వతంగా నయమయ్యారు. ఇవాళ సంపన్న దేశాల్లో నూటికి ఎనభైమందికి పైగా పిల్లలు క్యాన్సర్ నుంచి బయటపడుతున్నారు. ఆ ఎనభైలో ప్లేట్‌లెట్ సంచికీ, యాంటీబయాటిక్ సీసాకీ, ఈ చవక మాత్రకీ ఉన్న వాటా ఎంతో ఎవరూ విడదీసి చెప్పలేరు.

కౌంట్లు లేని ఒంట్లో జబ్బు తన గుర్తులు చూపించదు. చీము అంటే చచ్చిన న్యూట్రోఫిల్స్ కుప్ప. అవే లేనప్పుడు చీము ఎక్కడిది? గొంతులో తెల్లమచ్చ కనపడదు, పుండు ఎర్రబడదు, న్యుమోనియా వచ్చినా ఎక్స్‌రేలో తెల్లగా పడకపోవచ్చు. కడుపులో కుడివైపు కింద నొప్పి అంటే మామూలు పిల్లల్లో అపెండిక్స్ అనుకుంటాం, ఈ పిల్లల్లో పెద్దపేగు మొదలయ్యేచోట గోడ వాచి కుళ్లే టిఫ్లైటిస్ కావచ్చు. కొన్నిసార్లు జ్వరం ఒక్కటే సాక్ష్యం. స్టెరాయిడ్లు వాడుతున్న దశలో ఆ జ్వరం కూడా రాకపోవచ్చు. అప్పుడు పిల్లవాడు ఊరికే మెత్తబడిపోతాడు, తిండి వద్దంటాడు, కడుపునొప్పి అంటాడు. అంతే.

కాబట్టి థర్మామీటర్ 101 ఫారన్‌హీట్ ఒక్కసారి చూపించినా, 100.4 గంటసేపు నిలిచినా, అది అర్ధరాత్రి అయినా, పండగపూట అయినా, ఆస్పత్రికి బయల్దేరవలసిందే. బయల్దేరేముందు పారాసిటమాల్ వేసి "తగ్గుతుందేమో చూద్దాం" అనుకోవడం ప్రమాదం. మాత్ర జ్వరాన్ని దించుతుంది గానీ రక్తంలో పెరిగే బ్యాక్టీరియాను ఆపదు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకెళ్తే ఆయన అలవాటు ప్రకారం పిరుదుకు జ్వరం ఇంజెక్షన్ పొడుస్తాడు. ప్లేట్‌లెట్లు లేని పిల్లకు కండలోకి సూది గుచ్చితే లోపల రక్తం కారి గడ్డగా పేరుకుంటుంది, పైగా ఆ మందుల్లో కొన్ని మిగిలిన ప్లేట్‌లెట్లను కూడా పనిచెయ్యనివ్వవు. ఆయన్ను తప్పుపట్టి లాభం లేదు. ఈ పిల్లల సంగతి వేరని ఆయనకు ఎవరైనా చెప్పి ఉండాలి. మలద్వారంలో థర్మామీటర్, సపోజిటరీ, ఎనిమా కూడా పనికిరావు. అక్కడి పలచని పొర చిట్లితే పేగులోని క్రిములు తిన్నగా రక్తంలోకి దిగుతాయి. ఛాతీలో కీమో ఎక్కించే గొట్టం, అంటే పోర్టు, ఉన్న పిల్లకు పోర్టు ఫ్లష్ చేసిన కాసేపటికే వణుకు పుడితే క్రిములు ఆ గొట్టంలోనే కాపురం పెట్టాయని అనుమానించాలి.

ఆస్పత్రి చేరాక మొదటి యాంటీబయాటిక్ డోసు గంటలోపు పడాలన్నది లక్ష్యం. కల్చర్‌కు రక్తం తీసి వెంటనే మందు ఎక్కించాలి. కౌంట్ రిపోర్టు కోసం, బెడ్ కోసం, కేస్ షీట్ కోసం ఆగకూడదు. ఏ మందు అన్నది ఒక్కో ఆస్పత్రిలో ఒక్కోలా ఉంటుంది. మన దేశంలో ఈ-కోలై, క్లెబ్సియెల్లా క్రిముల్లో చాలావరకు మామూలు మందులకు లొంగడంలేదు, కొన్నయితే మెరోపెనెమ్ లాంటి పెద్ద మందులకు కూడా లొంగడంలేదు. అందుకని ఏ వార్డు ఆ వార్డు తన క్రిముల చిట్టా రాసిపెట్టుకుని, దాని ప్రకారం మొదటి మందు ఎంచుకోవాలి. అమెరికా పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు ఇక్కడ వాడితే సరిపోదు.

ఇప్పుడు ఒక పిల్లవాణ్ణి దగ్గరగా చూద్దాం. అయిదేళ్ల వయసు. రక్తక్యాన్సర్, కీమో ఎక్కించి తొమ్మిది రోజులైంది. ఒళ్లు కాలుతోంది, పాదాలు మాత్రం చల్లగా ఉన్నాయి. మాట్లాడుతున్నాడు, మంచినీళ్లు అడుగుతున్నాడు. బీపీ చూస్తే నార్మల్. కొత్తగా డ్యూటీకి వచ్చిన డాక్టర్ ఊపిరి పీల్చుకునేది ఇక్కడే, పొరబడేదీ ఇక్కడే. పిల్లల రక్తనాళాలు చివరిదాకా బిగపట్టి బీపీని నిలబెడతాయి. బీపీ పడిందంటే ఆట ముగింపుకొచ్చినట్టు. ముందే తెలియాలంటే గుండె వేగం లెక్కపెట్టాలి. బొటనవేలి గోరు మీద కాసేపు నొక్కి వదలాలి. తెల్లబడ్డ గోరు రెండు సెకన్లలో ఎర్రబడాలి. నాలుగైదు సెకన్లు పట్టిందంటే, బీపీ ఎంత బాగున్నా, వాడు షాక్‌లో ఉన్నాడు.

షాక్‌కు సెలైన్ గబగబా ఎక్కించాలన్నది అందరికీ తెలిసిన సూత్రం. అదెంత వరకు నిజమో తేల్చిన పరిశోధన ఆఫ్రికాలో జరిగింది. ఉగాండా, కెన్యా, టాంజానియాలలో తీవ్రజ్వరంతో, రక్తప్రసరణ మందగించి వచ్చిన 3,141 మంది పిల్లలను చేర్చుకుని చేసిన ఫీస్ట్ అధ్యయనం 2011లో వెలువడింది. సెలైన్ వేగంగా ఎక్కించినవాళ్లలో 48 గంటల్లో నూటికి 10.5 మంది చనిపోతే, నిదానంగా మామూలు మోతాదే ఇచ్చినవాళ్లలో 7.3 మంది. ప్రపంచమంతా నిర్ఘాంతపోయింది. ఆ పిల్లల్లో చాలామంది మలేరియాతో, రక్తహీనతతో వచ్చినవాళ్లు. అక్కడ వెంటిలేటర్లు లేవు. క్యాన్సర్ పిల్లలకు ఆ అంకెలు అచ్చంగా వర్తించవు. అయినా మన వార్డుల్లోని పిల్లవాడికీ రక్తం తక్కువే. డాక్సోరూబిసిన్ అనే కీమో మందు ఎక్కి గుండె కండరం బలహీనపడి ఉండొచ్చు. 2020లో వచ్చిన అంతర్జాతీయ సూచనలు అందుకే ఆస్పత్రి స్థాయిని బట్టి మాట్లాడతాయి. ఇంటెన్సివ్ కేర్ ఉన్నచోట కిలోకు 10 నుంచి 20 మిల్లీలీటర్ల చొప్పున విడతలుగా ఎక్కిస్తూ, ప్రతి విడత తర్వాత మళ్లీ చూడాలి. అది లేనిచోట, బీపీ పడకపోతే, గబగబా ఎక్కించనేవద్దు. చూడటమంటే మానిటర్ చూడటం ఒక్కటే కాదు. డొక్క కింద చెయ్యి పెట్టి కాలేయం అంచు తడమాలి. ఇందాక ఒక వేలెడు కిందికి తగిలింది ఇప్పుడు మూడు వేళ్ల కిందికి తగిలితే, వీపున స్టెతస్కోపు పెడితే బుడబుడమని వినిపిస్తే, సెలైన్ ఎక్కువైంది. గుండెకు దన్నుగా అడ్రినలిన్ మొదలుపెట్టాలి. మెడలో పెద్ద లైను వేసేదాకా ఆగక్కర్లేదు, చేతి నరంలోంచి కూడా మొదలుపెట్టొచ్చు.

కొందరు పిల్లల్లో ఆపద కీమో మొదలైన తొలి రెండు మూడు రోజుల్లోనే వస్తుంది, అదీ మందు బ్రహ్మాండంగా పనిచేసినందువల్ల. బర్కిట్ లింఫోమా అనే గడ్డ ఒకటి రెండు రోజుల్లోనే రెట్టింపయ్యేంత వేగంగా పెరుగుతుంది. 1958లో ఉగాండాలో పనిచేస్తున్న సర్జన్ డెనిస్ బర్కిట్ దీన్ని మొదట వర్ణించారు, పిల్లల దవడలు ఉబ్బిపోయి ఉండటం చూసి. మన దగ్గర ఎక్కువగా కడుపులో కనిపిస్తుంది. ఇంత వేగంగా పెరిగేది మందుకు అంతే వేగంగా చస్తుంది. కోట్లాది కణాలు ఒక్కసారిగా పగిలి, లోపలి సరుకంతా రక్తంలోకి ఒలికిపోతుంది. పొటాషియం గుండె లయను తప్పిస్తుంది. ఫాస్ఫరస్ కాల్షియాన్ని పట్టుకుని కిడ్నీలో స్ఫటికాలు కడుతుంది, రక్తంలో కాల్షియం తగ్గి ఫిట్స్ రావచ్చు. డీఎన్‌ఏ విరిగి యూరిక్ యాసిడ్ అవుతుంది, అదీ కిడ్నీ గొట్టాల్లోనే పేరుకుంటుంది. ట్యూమర్ లైసిస్ అంటే ఇదే.

దీనికి మొదటి మందు నీళ్లు. శరీర వైశాల్యం ప్రకారం చదరపు మీటరుకు రోజుకు రెండు మూడు లీటర్ల సెలైన్, అందులో పొటాషియం చుక్క ఉండకూడదు. మూత్రం ఎంత వచ్చిందో గంటగంటకూ రాసుకోవాలి. మన వార్డుల్లో ఒక మాట ప్రత్యేకంగా చెప్పాల్సి వస్తుంది. పిల్లవాడు నీరసించాడని తండ్రి పరుగున వెళ్లి కొబ్బరిబొండాం పట్టుకొస్తాడు. కొబ్బరినీళ్లలో పొటాషియం మెండు. వేరే ఏ జబ్బుకైనా దాహం తీర్చే ఆ నీళ్లు ఈ మూడు రోజులు పిల్లవాడి నోటికి తగలకూడదు. "బొండాం వద్దు నాయనా, ఎందుకో చెప్తాను కూర్చో" అని చెప్పే నర్సు ఉన్న వార్డు మంచి వార్డు.

యూరిక్ యాసిడ్ తయారు కాకుండా ఆపే ఆలోపురినాల్, గెర్ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్‌ల ప్రయోగశాల ఇచ్చిన మందు. రక్తక్యాన్సర్ పిల్లలు రోజూ మింగే మెర్కాప్టోప్యూరిన్ కూడా వాళ్లదే. 1988లో ఆ ఇద్దరికీ నోబెల్ వచ్చింది. అయితే ఆలోపురినాల్ అప్పటికే తయారైన యాసిడ్‌ను ఏమీ చెయ్యలేదు. చాలా జంతువుల్లో దాన్ని కరిగించే ఎంజైమ్ ఉంటుంది, పరిణామక్రమంలో మనం దాన్ని పోగొట్టుకున్నాం. ఆ ఎంజైమ్‌నే మందుగా తయారుచేసి రాస్‌బ్యూరికేస్ అని పేరుపెట్టారు. కొన్ని గంటల్లో యూరిక్ యాసిడ్ దాదాపు మాయమవుతుంది. ఇది ఎంత చురుకైనదంటే పరీక్షకు తీసిన రక్తం ట్యూబులో ఉన్నప్పుడు కూడా పని ఆపదు. వార్డు నుంచి ల్యాబుకు వెళ్లేలోపు ట్యూబులో యాసిడ్ తినేస్తుంది, రిపోర్టు తప్పుగా తక్కువ చూపిస్తుంది. అందుకే ట్యూబును ఐసులో పెట్టి పంపుతారు. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్న పిల్లలకు ఇస్తే ఎర్రకణాలు పగిలిపోతాయి కాబట్టి ముందే పరీక్ష చేయాలి. ఖరీదు ఎక్కువే. చాలామంది పిల్లలకు తక్కువ మోతాదులో ఒక్క డోసే సరిపోతుందని మన దేశపు డాక్టర్లు కూడా చూపించారు. ఆ ఒక్కమాట ఎన్ని కుటుంబాలకు మేలు చేసిందో.

ఒకప్పుడు ఈ పిల్లలకు మూత్రాన్ని క్షారంగా మార్చడానికి సోడాబైకార్బ్ ఎక్కించేవారు. యూరిక్ యాసిడ్ కరుగుతుంది నిజమే, కానీ కాల్షియం ఫాస్ఫేట్ ఇంకా గట్టిగా పేరుకుంటుందని తెలిశాక మానేశారు. అదే వార్డులో పక్క బెడ్ మీద పిల్లకు మాత్రం సోడాబైకార్బ్ తప్పనిసరి. ఆమెకు ఎక్కేది హైడోసు మెథోట్రెక్సేట్, అమినోప్టెరిన్‌కు తోబుట్టువు. మూత్రం ఆమ్లంగా ఉంటే ఇది కిడ్నీలో గడ్డకడుతుంది. ఈ మందు ఫోలిక్ ఆమ్లాన్ని వాడుకునే ఎంజైమ్‌ను పట్టేసి కణవిభజనను ఆపుతుంది. అంత పెద్ద మోతాదు ఇచ్చి వదిలేస్తే పిల్ల బతకదు. అందుకే ఒకటి రెండు రోజుల తర్వాత ఆ ఎంజైమ్‌తో పనిలేని లూకోవోరిన్ అనే విరుగుడు ఇస్తారు. మజ్జకూ, నోటిపొరకూ మళ్లీ ఊపిరి వస్తుంది. రక్తంలో మెథోట్రెక్సేట్ ఎంత మిగిలిందో వరుసగా కొలుస్తూ, ప్రమాదం లేని స్థాయికి దిగేదాకా విరుగుడు ఆపరు.

ఛాతీ మధ్యలో గడ్డతో వచ్చే పిల్లల గురించి ఒక్క హెచ్చరిక. టీ-సెల్ లింఫోమా శ్వాసనాళాన్ని వెనకనుంచి కాదు, ముందునుంచి అదుముతుంది. ఆ పిల్లవాడు కూర్చునే నిద్రపోతుంటే, పడుకోనని మొండికేస్తుంటే, అది మారాం కాదు. వాణ్ణి స్కాన్ కోసమని వెల్లకిలా పడుకోబెట్టినా, మత్తు ఇచ్చినా ఊపిరి ఆగిపోవచ్చు, గొంతులో గొట్టం వేసినా గాలి దిగకపోవచ్చు. బయాప్సీ రేపు చేసుకోవచ్చు. ఈ రాత్రికి వాడికి ఎలా సుఖంగా ఉంటే అలా కూర్చోనివ్వాలి.

ఇవన్నీ ముందుగా పసిగట్టడం ఎలా? గ్వాటెమాలా నగరంలోని పిల్లల క్యాన్సర్ ఆస్పత్రి ఊనోప్, సెయింట్ జూడ్ సాయంతో ఒక పద్ధతి అమలుచేసింది. నర్సు కొన్ని గంటలకోసారి పిల్ల తీరు, గుండె, ఊపిరి చూసి మార్కులు వేస్తుంది. మార్కులు గీత దాటితే డాక్టర్ రావాలి, ఇంకా దాటితే ఐసీయూ డాక్టర్ రావాలి. ఖరీదైన యంత్రం అక్కర్లేదు, ఒక కాగితం చాలు. ఆ కాగితంలో నాకు బాగా నచ్చిన గడి ఒకటుంది: ఇంటివాళ్లకు ఆందోళనగా ఉందా? అవును అంటే దానికీ ఒక మార్కు. "సిస్టర్, వీడు ఎందుకో బాగలేడు, ఎప్పుడూ ఇట్ల ఉండడు" అని తల్లి అన్న మాట గుండె వేగంతో సమానంగా లెక్కలోకి వస్తుంది. ఆ ఆస్పత్రిలో ఉన్నట్టుండి విషమించే కేసులు తగ్గాయి, తర్వాత లాటిన్ అమెరికా దేశాల్లో ఎన్నో ఆస్పత్రులు అదే దారి పట్టాయి.

పేద, మధ్యాదాయ దేశాల్లో చాలాచోట్ల క్యాన్సర్ పిల్లల్లో బతికేవాళ్లు నూటికి 30 మంది కూడా లేరని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. 2030 నాటికి అన్నిచోట్లా కనీసం 60 మందిని బతికించాలని 2018లో లక్ష్యం పెట్టుకుంది. మన దగ్గర హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రి ఉంది, విశాఖలో టాటా వారి హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది, 2007 నుంచి ఆరోగ్యశ్రీ ఉంది. కీమో ఎక్కించే చోటు దొరికింది. దొరకనిది ఆసిఫాబాద్‌లోనో, పాడేరులోనో రాత్రి పదకొండుకు పిల్లకు 101 జ్వరం వస్తే మొదటి యాంటీబయాటిక్ వేసే చెయ్యి. నగరం చేరడానికి గంటలు పడుతుంది, ఆ మందు పడాల్సింది గంటలో. ఆ మొదటి డోసు దగ్గర్లోని ఏరియా ఆస్పత్రిలో వేసి, ఆ తర్వాత 108 ఎక్కించాలి. దానికి కావలసింది క్యాన్సర్ డాక్టర్ కాదు, ఫ్రిజ్ పక్కన సిద్ధంగా ఉన్న ఒక సీసా, పిల్ల ఫైలు మొదటి పేజీలో పెద్దక్షరాలతో తెలుగులో, ఇంగ్లీషులో రాసిన నాలుగు వాక్యాలు: ఈ బిడ్డ కీమోలో ఉంది. జ్వరమంటే అత్యవసరం. కండకు ఇంజెక్షన్ వద్దు. ఫలానా మందు, ఇంత మోతాదు, వెంటనే నరంలోకి ఇవ్వండి, తర్వాత ఈ నంబరుకు ఫోన్ చేయండి.

గండం గడిచాక కౌంట్లు మెల్లగా పైకి లేస్తాయి. న్యూట్రోఫిల్స్ 750, ప్లేట్‌లెట్లు 75,000 దాటాక చాలా ప్రణాళికల్లో తర్వాతి విడత కీమోకు పిలుస్తారు. ఒక్కసారి చావు అంచుదాకా వెళ్లొచ్చిన పిల్లను మళ్లీ ఆ మందుకు అప్పగించడానికి తల్లిదండ్రులకు చెయ్యి రాదు. కొందరు అక్కడే ఆపేసి ఇంటికి వెళ్లిపోతారు, జబ్బు తిరగబెట్టాక వస్తారు. అందుకే డిశ్చార్జి రోజున డాక్టర్ ఓ పావుగంట వాళ్లతో కూర్చుని, ఈసారి ఏం జరిగింది, వచ్చేసారి ఏ రోజుల్లో జాగ్రత్తపడాలి, ఎవరికి ఫోన్ చేయాలి అన్నది క్యాలెండర్ మీద వేలు పెట్టి చెప్పడం కూడా వైద్యంలో భాగమే. ఆ పావుగంట ఏ బిల్లులోనూ కనపడదు.